‘కౌంటర్లు ఎత్తేస్తున్నారట’: ఆ ‘అట’ ఖరీదు 250 రూపాయలు

రైల్వేలో టికెట్లు కొట్టే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఇప్పుడు విజయనగరానికి అరగంట దూరంలో ఉన్న ఒక స్టేషన్లో ఏటీవీఎం ఫెసిలిటేటర్‌ని. అంటే, ఊరు పేరు చెబితే మెషీన్ మీద నొక్కి టికెట్ తీసిచ్చే మనిషిని. నా కమిషన్ రైల్వే ఇస్తుంది, ప్రయాణికుల దగ్గర పైసా ఎక్కువ తీసుకోకూడదు. ఇది ముందే ఎందుకు చెబుతున్నానంటే, పక్కనున్న కౌంటర్ మూతపడితే లాభపడేవాళ్లలో నేనూ ఒకణ్ణి. అయినా సరే, ఆ కిటికీ తరఫునే మాట్లాడబోతున్నాను.

ఈ మధ్య రోజుకి ఇద్దరు ముగ్గురైనా అడుగుతున్నారు. “ఏటి బాబూ, టిక్కెట్ల కిటికీ ఎత్తేస్తన్నారట గదా?” కిటికీ ముందే నిలబడి అడుగుతారు. లోపల క్లర్కు కూర్చునే ఉంటాడు.

అపోహ: స్టేషన్లలో కౌంటర్లన్నీ మూసేస్తున్నారు, ఇక స్మార్ట్ ఫోన్ ఉన్నవాళ్లకే రైలు.

మన దేశంలో కౌంటర్లన్నీ మూసేయమని ఉత్తర్వు ఏదీ రాలేదు. నాకొచ్చిన వాట్సాప్ ఫార్వర్డ్‌లో షట్టర్ దించిన ఒక టికెట్ ఆఫీసు ఫొటో ఉంది. పెద్దది చేసి చూస్తే బోర్డు మీద ఛార్జీలు పౌండ్లలో ఉన్నాయి! అది ఇంగ్లండ్ గొడవ. 2023లో అక్కడి రైలు కంపెనీలు వెయ్యి దాకా టికెట్ ఆఫీసులు మూసేస్తామన్నాయి. జనం ఊరుకోలేదు, ఏడున్నర లక్షల అభిప్రాయాలు వెళ్లాయి. చివరికి అదే ఏడాది అక్టోబరు 31న అక్కడి ప్రభుత్వం ఆ ప్రతిపాదన వెనక్కి తీసుకోమంది. మూసేయడం ఆగిపోయిన దేశం ఫొటో పట్టుకుని మనవాళ్లు టెన్షన్ పడుతున్నారు.

మన దగ్గర ఏమీ మారలేదని కూడా అనను. చిన్న స్టేషన్లలో టికెట్ ఇచ్చే చెయ్యి మారుతోంది. ఒకప్పుడు స్టేషన్ మాస్టరే సిగ్నల్ చూసుకుంటూ టికెట్లిచ్చేవారు. ఇప్పుడు కొన్నిచోట్ల కమిషన్ మీద ఏజెంటు కూర్చుంటున్నాడు. హాల్టుల్లో ఎప్పటి నుంచో ఉన్నది ఏజెంట్లే. యూనిఫాం లేని మనిషి కనిపించగానే ‘రైల్వే వాళ్లు వెళ్లిపోయారు, కౌంటర్ మూసేశారు’ అనుకుంటున్నారు. ఆయన ఇచ్చేది కూడా రైల్వే టికెట్టే.

పెద్ద స్టేషన్లో మూడు కిటికీలుండి ఒకటే తెరిస్తే నాకూ మండుతుంది. సిరిమాను పండగ రోజు విజయనగరం వెళ్లే జనం ఎంతమందో చూసినవాడెవడూ ఫోన్లే సరిపోతాయనడు. కానీ ఇది వేరే పోట్లాట.

ఇక అసలు విషయానికొస్తాను. ఈ పుకారు వల్ల నిజంగా డబ్బు పోతున్నది ఇక్కడే.

అపోహ: పిల్లలు హైదరాబాద్ నుంచి జనరల్ టికెట్ తీసి వాట్సాప్‌లో పంపితే చాలు, చూపించి వెళ్లిపోవచ్చు.

చెల్లదు. స్క్రీన్‌షాట్ చెల్లదు, ఇంకో ఫోన్‌తో తీసిన ఫొటో చెల్లదు, దాన్ని నెట్ సెంటర్లో రంగుల్లో ప్రింట్ తీయించినా చెల్లదు. కాగితం లేని జనరల్ టికెట్ ఏ ఫోన్లో తీశారో ఆ ఫోన్లోనే, టికెట్ తీసిన రైల్వే యాప్ తెరిచి చూపించాలి. నెట్ లేకపోయినా అందులో కనిపిస్తుంది. ఫోన్ ఛార్జింగ్ అయిపోతే మాత్రం టికెట్ లేనట్టే.

మొన్నామధ్య ఒక పెద్దావిడ వచ్చింది. విజయనగరంలో కళ్ల డాక్టరుకి చూపించుకోవడానికి ముందురోజు వెళ్లింది. స్టేషన్ బయటికొచ్చే చోట చెకింగ్. కొడుకు పంపిన బొమ్మ చూపించింది. ఛార్జీ కట్టించుకుని, దాని మీద 250 రూపాయల పెనాల్టీ రాశారు. అసలు ఆ టికెట్ పది రూపాయలు.

“టిక్కెట్టుండీ డబ్బులు కట్టీసినాను బాబూ. దొంగ బండెక్కినట్టు అందరూ నన్నే సూసినారు,” అంది. ఆ రెండో మాట అనేటప్పుడు గొంతు మారిపోయింది.

“అమ్మా, కౌంటర్ తెరిచే ఉంది కదా, ఇక్కడ తీసుకోలేదేం?”

“మూసీసినారని మా గుంటడు సెప్పినాడు. అటు సూడ్నేదు.”

తెరిచి ఉన్న కిటికీ పక్క నుంచే నడిచి వెళ్లి రైలెక్కింది ఆవిడ.

ఆవిడ ఫోన్ నుంచే కొడుక్కి చేశాను. చదువుకున్న కుర్రాడు, మర్యాదగానే మాట్లాడాడు గానీ ఒప్పుకోడు. “డబ్బులు కట్టాను కదండీ, టికెట్ నిజమైనదే కదా?” నిజమైనదే నాయనా. కాకపోతే టికెట్ హైదరాబాద్‌లో ఉంది, మీ అమ్మ విజయనగరంలో ఉంది. “మరి రిజర్వేషన్ టికెట్‌కి మెసేజ్ చూపిస్తే ఒప్పుకుంటారుగా?” అన్నాడు. ఈ తికమకంతా అక్కడే పుడుతోంది. రిజర్వేషన్ టికెట్ మీద పేరుంటుంది, టీటీఈ దగ్గర చార్టులో పేరుంటుంది, చేతిలో గుర్తింపు కార్డుంటుంది. మనిషెవరో తేలిపోతుంది. జనరల్ టికెట్ మీద పేరే ఉండదు. ఒకే బొమ్మ పదిమందికి పంపితే పదిమందీ ఎక్కేస్తారు.

ఇంతకుముందు ఈ తంటా ఇంతగా లేదు. కాగితం లేని టికెట్‌కి దూరం హద్దు ఉండేది, హైదరాబాద్‌లో కూర్చుని మన జిల్లా స్టేషన్ నుంచి తీయడం కుదిరేది కాదు. 2024లో ఆ హద్దు తీసేశారు. ఎక్కడి నుంచైనా తీయవచ్చు అన్న ముక్క అందరికీ చేరింది. ఆ ఫోన్ ప్రయాణికుడి చేతిలోనే ఉండాలన్న ముక్క చేరలేదు.

అమ్మానాన్నలకి దూరం నుంచి తీయాలనుకుంటే దారి ఉంది. యాప్‌లో కాగితం టికెట్ అనే ఆప్షన్ ఎంచుకోండి. బుకింగ్ ఐడీ వస్తుంది. అదీ, మీ మొబైల్ నంబరూ వాళ్లకి రాసుకోమనండి. స్టేషన్లో కౌంటర్ దగ్గరో మెషీన్ దగ్గరో చెబితే టికెట్ ప్రింట్ తీసిస్తారు. ప్రింట్ తీసుకున్నాకే రైలెక్కాలి. ఇంకో సంగతి, పొద్దున్నే తీసి పెట్టేసి సాయంత్రం బండికి వెళ్లమనకండి. 199 కిలోమీటర్ల లోపు ప్రయాణానికి జనరల్ టికెట్ తీసిన మూడు గంటల్లోనో, ఆ వైపు వెళ్లే మొదటి బండికో బయల్దేరాలి. లేదంటే అది చెల్లని టికెట్.

లేదా అమ్మకి పది రూపాయల నోటిచ్చి కిటికీ దగ్గరికి పంపండి.

అపోహ: కౌంటర్ మూసి ఉంటే తప్పు రైల్వేది, కాబట్టి ఫైన్ వేయకూడదు.

వేస్తారు. 1989 రైల్వే చట్టం 138వ సెక్షన్ ప్రకారం ఛార్జీతో పాటు, అంతే మొత్తమో 250 రూపాయలో ఏది ఎక్కువైతే అది. ప్లాట్‌ఫాం టికెట్ జేబులో ఉన్నా ఇది తప్పదు. తప్పించుకునే దారి అదే చట్టం 55వ సెక్షన్లో ఉంది. ఎక్కేముందే రైల్వే సిబ్బందికి చెప్పి, తర్వాత ఛార్జీ కడతానన్న షరతు మీద అనుమతి చీటీ తీసుకోవాలి. చీటీ ఉంటే ఛార్జీ మాత్రమే, పెనాల్టీ ఉండదు. మామూలుగా ఇది గార్డుని అడగాలి. 2022 నుంచి ఆయన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు, మనకి గార్డే. బండి ఆగేది నిమిషం, ఆయన ఉండేది చివరి పెట్టెలో. కాబట్టి కౌంటర్ మూసి కనిపిస్తే ప్లాట్‌ఫాం ఆ కొసన నిలబడండి.

మిగతావి గబగబా చెప్పేస్తాను. సీనియర్ సిటిజన్ రాయితీ యాప్‌లో రాదు, కౌంటర్లో వస్తుందంటారు. 2020 మార్చిలో ఆపేశారు, ఇంతవరకూ ఎక్కడా లేదు, నన్ను తిట్టకండి. ఖాతాలో డబ్బు కట్ అయితే టికెట్ వచ్చినట్టు కాదు. ప్యాసింజర్ టికెట్‌తో ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పట్టుకుంటారు. ప్లాట్‌ఫాం మీద నిలబడితే యాప్‌లో టికెట్ రావట్లేదంటారు, గోడ మీద క్యూఆర్ కోడ్ ఉంటుంది, స్కాన్ చేయండి. ఇక శ్రీకాకుళం స్టేషన్ ఆమదాలవలసలో ఉంది, రైల్వే పేరు శ్రీకాకుళం రోడ్, కోడ్ సీహెచ్‌ఈ. తెల్లవాళ్ల ‘చికాకోల్’ నుంచి మిగిలిపోయిన ముక్క అది. చెన్నై అనుకుని కంగారుపడి రద్దు చేయమన్నవాళ్లున్నారు.

ఇలాంటి చోటే మనిషి కావాలి. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో గట్టి అట్ట టికెట్లు, తేదీ కొట్టే ఇనప మిషను. ఒక చిన్న స్టేషన్. ఒకాయన వచ్చి “రాజాం ఒకటి” అన్నాడు. రాజాంకి రైలు లేదు. చీపురుపల్లిలో దిగి బస్సెక్కమని చెప్పి, చీపురుపల్లి టికెట్టిచ్చాను. ఇప్పటికీ వారానికొకరు రాజాం అడుగుతారు, పాలకొండ అడుగుతారు. మెషీన్లో ఆ పేర్లు ఎంత వెతికినా దొరకవు. అది తప్పు చూపిస్తుంది తప్ప బస్సు సంగతి చెప్పదు.

ఆ పెద్దావిడ మళ్లీ వచ్చింది, రెండోసారి కళ్లు చూపించుకోవడానికి. ఈసారి కొడుకు కాగితం టికెట్టే తీశాడు. నంబర్లు చెబితే పక్కింటి పిల్ల క్యాలెండర్ చీటీ వెనక రాసిచ్చిందట. అందులో ఒక అంకె ఒకటో ఏడో తెలియలేదు. ఒకటితో చూశాను, రాలేదు. ఏడుతో చూశాను, రాలేదు. కొడుక్కి ఫోన్ చేస్తే మీటింగులో ఉన్నాడేమో, ఎత్తలేదు. దూరంగా బండి కూత వినపడింది. ఆవిడ నా వైపు చూసి, చీర కొంగు ముడి విప్పి పది రూపాయల నోటు తీసింది.

“ఎందుకొచ్చిన గొడవ బాబూ,” అని కౌంటర్ వైపు నడిచింది.