మాటలు రాని రెండేళ్ళ పిల్లాడు ఏం వింటున్నాడు?

"మా బాబుకి రెండేళ్ళు నిండాయి. అమ్మ, తాత, బువ్వ... ఇలా ఓ పది మాటలు తప్ప ఇంకేం రాలేదు. వాళ్ళ నాన్న కూడా మూడేళ్ళదాకా మాట్లాడలేదని, కంగారు పడొద్దని మా అత్తగారు అంటున్నారు. ఇంట్లో తెలుగు, చూసుకునే ఆయాది హిందీ. దానివల్లేనా?" అని ఓ తల్లి అడిగారు.

రెండు భాషల సంగతి ముందే తేల్చేద్దాం. దానివల్ల మాటలు ఆలస్యం కావు. కాకపోతే లెక్కపెట్టేటప్పుడు రెండు భాషల మాటలూ కలిపి లెక్కపెట్టాలి. అలా కలిపినా పది అంటే తక్కువే. రెండేళ్ళకి సుమారు 50 మాటలు, "అమ్మా రా", "పాలు ఇయ్యి" అంటూ రెండేసి మాటలు కలపడం ఉందా అని వైద్యులు చూస్తారు.

అందరం నోట్లోంచి వచ్చినవే లెక్కపెడతాం. అంతకు ఏడాది ముందే చెవిలో జరిగిపోయే పని ఒకటుంది. నాకు అది తలచుకున్నప్పుడల్లా ఆశ్చర్యమే.

కాగితం మీద మాటకీ మాటకీ మధ్య ఖాళీ ఉంటుంది. నోటి మాటలో ఉండదు. "పాలుతాగేసివద్దువుగానిరా" అని ఒక్క గుక్కలో అనేస్తాం. ఇందులో 'పాలు' ఒక మాట అని, 'లుతా' మాట కాదని ఎనిమిది నెలల పాపకి ఎలా తెలుస్తుంది?

అమెరికాలోని రాచెస్టర్ విశ్వవిద్యాలయంలో జెనీ శాఫ్రన్, రిచర్డ్ యాస్లిన్, ఎలిసా న్యూపోర్ట్ 1996లో సరిగ్గా ఇదే పరీక్షించారు. పాబీకు, టీబుడో, గోలాటు, డారోపీ అని అర్థం లేని నాలుగు మాటలు కల్పించారు. యంత్రం గొంతుతో, ఎక్కడా ఆగకుండా, ఏ అక్షరాన్నీ నొక్కకుండా, వాటిని కలగాపులగంగా గుచ్చి ఎనిమిది నెలల పిల్లలకి రెండు నిమిషాలు వినిపించారు. తర్వాత ఒకసారి 'పాబీకు' లాంటి అసలు మాట, ఒకసారి 'పిగోలా' లాంటి దొంగమాట వినిపించారు. ఈ పిగోలా కూడా ఆ ప్రవాహంలో ఉన్నదే: డారోపీ తోక, గోలాటు తల. పిల్లలు దొంగమాటలు వినిపించిన వైపే ఎక్కువసేపు చూశారు. అంటే అసలు మాటలు వాళ్ళకి అప్పటికే పాతబడ్డాయి!

రెండు నిమిషాల్లో ఎలా పట్టారు? రోజూ బస్టాపులో కూర్చునే మనిషిని ఊహించుకోండి. ఫలానా ఇద్దరు ఎప్పుడూ కలిసే బస్సెక్కుతారు. వాళ్ళ వెనకాల ఎక్కేవాళ్ళు మాత్రం రోజుకొకరు. ఎవరూ చెప్పకపోయినా ఆ ఇద్దరిదీ ఒకే ఇల్లని అతనికి తెలిసిపోతుంది. 'పా' ఎక్కితే వెంట 'బీ' ఎక్కి తీరుతుంది, సంభావ్యత 1. 'కు' తర్వాత మాత్రం మిగిలిన మూడు మాటల్లో దేని తలైనా ఎక్కవచ్చు, సంభావ్యత మూడింట ఒకటి. సంభావ్యత పడిపోయిన చోటే మాట సరిహద్దు.

ఇప్పుడు మన ఇంటికి రండి. "పాలు తాగు", "పాలు పొంగాయి", "పిల్లికి పాలు". పా, లు ఎప్పుడూ ఒకే ఇంటివాళ్ళు, పక్కవాళ్ళే మారుతున్నారు. "బడిలో, గదిలో, సంచిలో" అని వింటుంటే 'లో' అనేది ఏ ఇంటివాళ్ళతోనైనా బస్సెక్కే మనిషని తెలుస్తుంది. ప్రత్యయాలతో నిండిన మన భాషలో ఈ లెక్క ఎంత పని చేయగలదో! "బువ్వ తిందామా? వేడి బువ్వ. బువ్వ అయిపోయిందే!" అంటూ గోరుముద్దలు పెట్టే అమ్మమ్మ ఈ లెక్కకి కావలసిన సరుకునే ఇస్తోంది: మాట అదే, పొరుగు వేరు.

ఆ సరుకు టీవీ ఇవ్వలేదా? పట్రీషియా కూల్ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగంలో తొమ్మిది నెలల అమెరికా పిల్లలకి చైనా భాష మాండరిన్ వినిపించారు. ఎదురుగా కూర్చుని ఆడించిన మనిషి దగ్గర పిల్లలు ఆ భాష ధ్వనుల తేడా పట్టేశారు. అదే మనిషిని తెర మీద చూసిన పిల్లలకి ఏమీ అంటలేదు. లెక్క చెవిదే, కానీ ఎదురుగా మనిషి ఉండాలి.

మాటలు ఇలా చెవితోనే మొదలవుతాయి కాబట్టి, మాట ఆలస్యమైతే మొదటి ప్రశ్న చెవి గురించి. "తలుపు చప్పుడుకి తిరుగుతాడండీ, వినికిడి బాగానే ఉంది" అని తల్లిదండ్రులు అంటారు. తలుపు చప్పుడు పెద్దది, తక్కువ పౌనఃపున్యం (సెకనుకి వచ్చే కంపనాల సంఖ్య) గలది. 'స' ధ్వనిలోని శక్తి ఎక్కువగా 4,000 హెర్ట్‌జ్‌కి పైన ఉంటుంది. పై పౌనఃపున్యాలు మాత్రమే పోయిన పిల్లాడు తలుపుకి తిరుగుతాడు, 'స' మాత్రం వినపడదు. సగం ప్రయాణికులు కనపడకపోతే ఏ ఇల్లు ఎవరిదో ఎలా తేలుతుంది?

పరీక్ష బాధ లేనిది. లోపలి చెవిలో నత్తగుల్లలా ఉండే కాక్లియాలోని బయటి రోమకణాలు శబ్దం అందుకున్నప్పుడు తామే సన్నని శబ్దం పుట్టించి బయటికి పంపుతాయి. 1978లో డేవిడ్ కెంప్ కనిపెట్టిన ఈ సంగతే ఓఏఈ పరీక్షకి ఆధారం: చెవిలో చిన్న మైకు పెట్టి ఆ ప్రతిధ్వని వింటారు. కణాలు బాగుండి నరంలో లోపం ఉంటే ఇది పట్టలేదు. నరం, మెదడు కాండంలోని విద్యుత్తును కొలిచే బేరా పరీక్ష అప్పుడు కావాలి. పిల్లాడు నిద్రలో ఉండగానే చేస్తారు.

వస కొమ్ము అరగదీసి పిల్లలకి పట్టిస్తే మాటలొస్తాయని ఇప్పటికీ పోస్తున్నారు. దయచేసి వద్దు. బీటా-అసరోన్ అనే రసాయనం ఎక్కువగా ఉన్న వస నూనె ఎలుకల్లో కణితులు తెచ్చిందనే 1968లో అమెరికా వసని ఆహారంలో నిషేధించింది. నాలుక కింద పొర కోయిస్తే మాటలొస్తాయన్నదీ నిజం కాదు. ఆ పొర ఉంటే కొన్ని అక్షరాలు పలకడం కష్టం కావచ్చు గాని, మాటలు పుట్టడం ఆగదు.

మీ అత్తగారి మాటలో కొంత నిజముంది. ఆలస్యంగా మాట్లాడటం కుటుంబాల్లో నడుస్తుంది, చాలామంది తర్వాత తోటివాళ్ళని అందుకుంటారు కూడా. "చెప్పులు తీసుకురా" అంటే తెచ్చేవాడు, కుక్కని వేలితో చూపించి మీ మొహం వైపు తిరిగేవాడు అందుకునే అవకాశం ఎక్కువ. అయినా వినికిడి పరీక్ష వాయిదా వేయడానికి అది కారణం కాదు. 2013లో మొదలైన ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద, పిల్లల లోపాలను తొందరగా గుర్తించి చూసే డీఈఐసీ కేంద్రాలు జిల్లా స్థాయిలో ఉన్నాయి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో వినికిడి, మాట లోపాలు చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది.

వేలితో చూపించకపోయినా, పేరు పెట్టి పిలిస్తే పలకకపోయినా పిల్లల వైద్యుడికి ఆ మాట కూడా చెప్పండి. వచ్చిన మాటలు పోతుంటే మాత్రం, ఏ వయసులోనైనా సరే, ఆ వారమే తీసుకెళ్ళండి.