అన్నీ అంటే ఏమీ లేవని

పిల్లలూ,

పోయినసారి బెర్లిన్‌లో మా అమ్మాయి వాళ్ళింట్లో ఉన్నప్పుడు ఒక ఆదివారం పొద్దున బేకరీకి వెళ్ళాను. బ్రోట్షెన్ అని గుప్పెడంత బ్రెడ్డుండలు ఉంటాయి, అక్కడివాళ్ళకి అదే టిఫిను. ఆరు కావాలని వేళ్ళు చూపించాను. కౌంటర్‌లో ఆవిడ "డీ బ్రోట్షెన్ సిండ్ అలె" అంది. నాకొచ్చిన నాలుగు జర్మన్ ముక్కల్లో ‘అలె’ ఒకటి. అందరూ, అన్నీ అని అర్థం. ఓహో, అన్నీ ఉన్నాయన్నమాట అనుకుని సంచీ చాపి నిలబడ్డాను. ఆవిడ నా వంక, నేను ఆవిడ వంక. చివరికి పాపం ఖాళీ బుట్ట ఎత్తి చూపించింది.

ఇంటికొస్తే మా అమ్మాయి ఒకటే నవ్వు. "డీ మిల్ష్ ఇస్ట్ అలె" అంటే పాలు అయిపోయాయని. ‘అన్నీ వాడేశాం’ అనే మాటలో ‘వాడేశాం’ రాలిపోయి ‘అన్నీ’ మాత్రం మిగిలిందని చెప్తారు. మనుషులకీ వాడతారు. "ఇష్ బిన్ అలె" అంటే నేను అలిసిపోయాను, నాలో ఇంక ఓపిక లేదు అని. ఒక సామెత కూడా ఉంది: "డీ డుమ్మెన్ వేర్డెన్ నిష్ట్ అలె". మూర్ఖులకి ఎప్పుడూ కొరత రాదట! సంచీ చాపిన నాకు ఆ రోజు అది కాస్త తగిలింది లెండి.

ఇది కబుర్లలో మాట. దక్షిణాదిన, ఆస్ట్రియాలో ‘అలె’ బదులు ‘ఔస్’ అనడం ఎక్కువ. ఆ ఔస్‌తోనే ‘ఔస్‌గేయెన్’ అనే క్రియ ఉంది, బయటికి వెళ్ళడం అని. "మియర్ గేట్ దాస్ గెల్ట్ ఔస్" అంటే ‘నాకు డబ్బులు అయిపోతున్నాయి’. చూడండి, క్రియ రెండు ముక్కలై ‘ఔస్’ వాక్యం చివరికి పోయింది. ఇంకో సంగతి, ఇంగ్లీషులో పాలు అయిపోతే "వి రన్ ఔట్ ఆఫ్ మిల్క్" అంటాం, అంటే పరిగెత్తేది మనం, జర్మన్‌లో వెళ్ళిపోయేది పాలే. మన ‘నాకు’ లాంటి ‘మియర్’ అక్కడా ఉంది కాబట్టి తెలుగు పిల్లలకి ఇది సులువుగా పట్టుబడుతుంది. దీపం ఆరిపోయినా ఇదే క్రియ.

అక్కడ ఈ మాట శనివారం సాయంత్రం ఎక్కువ వినిపిస్తుంది. ఆదివారం సెలవుకి రాజ్యాంగంలోనే రక్షణ ఉంది, జర్మనీ పాత రాజ్యాంగమైన 1919 నాటి వైమార్ రాజ్యాంగంలోని ఆ వాక్యాన్ని 1949లో ఇప్పటి రాజ్యాంగంలోకి అలాగే తీసుకున్నారు. రైల్వే స్టేషన్లలోవీ, కొన్ని బేకరీలూ లాంటివి తప్ప దాదాపు కొట్లన్నీ మూత. శనివారం పాలు చూసుకోకపోతే ఆదివారం నల్ల కాఫీయే.

అయినా నేను అంత తెల్లబోవాల్సింది కాదు. మా అమ్మ బియ్యం అయిపోయాయని ఒక్కనాడూ అనలేదు. "బియ్యం నిండుకున్నాయిరా" అనేది. డబ్బా అడుగు కనిపిస్తుంటే నిండుకోవడమేమిటి? ఇంట్లో ‘లేదు’ అనకూడదని. దీపం కూడా ఆరిపోదు, కొండెక్కుతుంది. జర్మన్ వాళ్ళది మాటల పొదుపు, మనది శకునం. దారులు వేరైనా ఖాళీ డబ్బాని ‘అన్నీ’ అని వాళ్ళూ, ‘నిండు’ అని మనమూ పిలుస్తున్నాం.

మొన్న ఫోన్‌లో మాట్లాడుతుంటే మా అమ్మాయి వంటింట్లోంచి "పాలు నిండుకున్నాయి" అని కేకేసింది. అక్కడే పుట్టిన మనవడు ప్యాకెట్ ఊపి చూసి, "తాతయ్యా, నిండుకున్నాయంటే అలెనా?" అన్నాడు.

మీ తాతయ్య