ఏడో హార్మోనిక్‌కి కీబోర్డులో చోటేదీ?

పన్నెండు మెట్ల కీబోర్డులో దొరకని స్వరాంతరాలు నిజంగా చెవికి అందుతాయా, లేక కాగితం మీది భిన్నాలేనా అని సంగీతం నేర్చుకునేవాళ్లు తరచూ అడుగుతుంటారు. కొన్ని అందుతాయి, కొన్ని అందవు. నిష్పత్తిలో అంకెలు చిన్నవా పెద్దవా అని చూస్తే సంగతి సగమే తేలుతుంది. మిగతా సగం తేలాలంటే విస్పందనాలు, అంటే దగ్గరదగ్గరగా ఉన్న రెండు ధ్వనులు కలిసినప్పుడు సెకనుకు ఎన్నిసార్లు కొట్టుకుంటాయో (బీట్స్), లెక్కపెట్టాలి. అందుకు 7/4 కన్నా, అంటే కింది స్వరానికి 7/4 రెట్లు ఉండే స్వరం కన్నా, మంచి ఉదాహరణ లేదు.

200 హెర్ట్జ్ దగ్గర ఒక స్వరం మోగుతోందనుకోండి. దాంతోపాటు దాని గుణిజాలు 400, 600, 800, 1000, 1200, 1400 కూడా మోగుతుంటాయి; వీటినే హార్మోనిక్‌లంటారు. ఆ చివరిదే ఏడో హార్మోనిక్. పైన 350 హెర్ట్జ్‌ల రెండో స్వరం చేర్చితే దాని నాలుగో హార్మోనిక్ కూడా సరిగ్గా 1400 దగ్గరే పడుతుంది. రెండూ కలిసిపోయి ధ్వని నిలకడగా ఉంటుంది. అదే కీబోర్డులో కైశికి నిషాదం మెట్టు నొక్కితే వచ్చేది 356.36. దాని నాలుగింతలు 1425.4. అంటే 1400తో సెకనుకు 25 సార్లు ఢీకొంటుంది. అంత వేగంగా కొట్టుకునేది ఊగులా వినబడదు, గరగరలా వినబడుతుంది.

ఇదే లెక్క మిగతా స్వరాలకూ వేయండి. కీబోర్డు పంచమం 299.66, దాని రెట్టింపు 599.3, 600తో తేడా సెకనుకు 0.7. అంతర గాంధారం 251.98, నాలుగింతలు 1007.9, 1000తో తేడా 8. పంచమం దాదాపు శుద్ధం, గాంధారం వణుకుతుంది, నిషాదం గరుకు. సెంట్లలో (కీబోర్డు మెట్టుకు 100, స్థాయికి 1200) చెబితే ఏడో హార్మోనిక్ ఉండాల్సిన చోటు 968.8, కీబోర్డు ఇచ్చేది 1000, తేడా 31. అయితే సెంట్లు సగం నిజమే చెబుతాయి. ఇదే జంటను ఒక స్థాయి కిందికి దింపితే సెంట్ల తేడా మారదు, విస్పందనాలు మాత్రం 12.7కు పడిపోతాయి.

ఆధార శ్రుతిని 440 హెర్ట్జ్ నుంచి 432కి దించితే సంగీతం ప్రకృతితో కలిసిపోతుందని నమ్మేవాళ్లున్నారు. ఆ దింపుడు 31.8 సెంట్లు. స్వరాలన్నీ కలిసి అంత జరిగినా ఒక్క నిష్పత్తి కూడా మారదు. దాదాపు అంతే దూరం ఒక్క నిషాదాన్ని జరిపితే మాత్రం కార్డ్ (కలిపి మోగించే స్వరాల గుంపు) స్వభావమే మారిపోతుంది.

చెవితో సరిచూసుకోవాలంటే సింథసైజర్‌లో సైన్ తరంగం వాడకండి, అందులో హార్మోనిక్‌లే ఉండవు. హార్మోనిక్‌లన్నీ ఉండే సా-టూత్ తరంగం తీసుకోండి. స్వరాన్ని పైకీ కిందికీ జరిపే పిచ్ బెండ్ పరిధి అటూ ఇటూ 200 సెంట్లకు ఉంటే, మధ్య విలువ 8192 నుంచి 1277 తగ్గించి 6915 పెడితే నిషాదం 7/4కు చేరుతుంది. చాలామంది ఇక్కడే బోల్తాపడతారు: పిచ్ బెండ్ ఆ ఛానెల్‌లో (సింథసైజర్‌కు స్వరాలు వెళ్లే దారిలో) ఉన్న స్వరాలన్నిటినీ లాగేస్తుంది. కనుక నిషాదాన్ని విడి ఛానెల్‌లో పెట్టాలి. పియానో ఈ పరీక్షకు మంచి సాధనం కాదు. తీగ బిరుసు వల్ల దాని హార్మోనిక్‌లు లెక్కకన్నా కాస్త పైకి పోతాయి. కమానుతో వాయించే తీగలో ఆ చిక్కు లేదు. గిటార్‌లో 65 సెంటీమీటర్ల తీగను పైచివర నుంచి 9.3 సెంటీమీటర్ల దగ్గర, అంటే రెండో మూడో ఫ్రెట్ల మధ్య, తేలిగ్గా తాకి మీటితే ఏడో హార్మోనిక్ విడిగా పలుకుతుంది.

మరి సంగీతంలో దీనివల్ల ఒరిగేదేమిటి? పంచమం మీద కట్టిన సెవెంత్ కార్డ్‌కు (పంచమం నుంచి ఏడో స్వరాన్ని కూడా చేర్చిన కార్డ్) కీబోర్డులో ఒక తహతహ ఉంటుంది, షడ్జమానికి చేరేదాకా నిలవదు. ఆ తహతహలో కొంత ఈ గరుకుదనం చలవే. 4:5:6:7గా శ్రుతి చేస్తే ఆ కార్డే స్థిరపడి, ఎక్కడికీ పోనక్కర్లేదన్నట్టు ఉంటుంది. బార్బర్‌షాప్ గాయకులు (వాద్యాలు లేకుండా నాలుగు గొంతులతో కార్డ్‌లు పాడేవాళ్లు) గురిపెట్టేది ఈ మోతకే. కార్డ్‌లను నడిపించడానికే సెవెంత్ వాడే శైలిలో దీన్ని పెడితే పాటను ముందుకు తోసే ఊపు తగ్గుతుంది. శుద్ధమైనదల్లా మెరుగైనదనుకోవడం పొరపాటు.

ఇంకో చిక్కు కూడా ఉంది. శుద్ధ మధ్యమం 4/3, అంటే 498 సెంట్లు. పంచమం మీది కార్డ్‌లో ఏడో స్వరమూ మధ్యమమే, కానీ 7/4 ప్రకారం అది 21/16, అంటే 471. తేడా 64/63, సుమారు 27 సెంట్లు. మధ్యమం మీది కార్డ్ నుంచి ఈ కార్డ్‌కు వచ్చేటప్పుడు మధ్యమం పాడే గాయకుడు 27 సెంట్లు దిగాలి. దిగకుండా పట్టుకుని కూర్చుంటే మిగతావాళ్లు అతనికి కలుపుతూ పైకెక్కుతారు, షడ్జమమూ ఎక్కుతుంది. నాలుగు ఆవృత్తాల్లో 109 సెంట్లు, మెట్టుకన్నా ఎక్కువే! శ్రుతి నిలవలేదని మాస్టారు గాయకులను కోప్పడతారు గానీ, వాళ్లు ప్రతి కార్డ్‌నూ సరిగ్గానే పాడి ఉండొచ్చు.

స్థాయిని వేరే సంఖ్యలో సమానంగా పంచడం ఈ చిక్కుకు ఒక మార్గం. 31 భాగాలు చేస్తే 25వ మెట్టు 967.7 సెంట్లు, మన 25 విస్పందనాలు ఒకటికి లోపే దిగుతాయి. బదులుగా పంచమం 5 సెంట్లు కుంగి, సెకనుకు 1.8 సార్లు ఊగుతుంది. డచ్ శాస్త్రవేత్త హైగెన్స్ 1691లో ఈ విభజన గురించి రాశాడు. భౌతిక శాస్త్రవేత్త ఫోకర్ దీని మీద కట్టించిన ఆర్గన్ 1950లో నెదర్లాండ్స్‌లోని హార్లెమ్‌లో వెలిసింది. అయితే ఇందులో మధ్యమం జారుడు పోదు, నిండు మెట్టై 38.7 సెంట్లకు పెరుగుతుంది. 22 భాగాలు చేస్తే రెండు మధ్యమాలూ ఒకే మెట్టు మీద పడి జారుడు మాయమవుతుంది, కానీ నిషాదం 13 సెంట్లు ఎక్కి, సెకనుకు పదిన్నర విస్పందనాలు మిగులుతాయి. పాటలో కార్డ్‌లు నిలిచి మోగాలంటే 31, చకచకా మారాలంటే 22 అంటాను.

పదకొండో హార్మోనిక్‌కు ఈ జంట పరీక్ష పనిచేయదు. 11/8 అంటే 551 సెంట్లు, రెండు మెట్లకు నట్టనడుమ. 200, 275 స్వరాలు కలిసేది 2200 దగ్గర. అక్కడ చెవి విడదీసి వినగల పట్టీ వెడల్పు 250 హెర్ట్జ్‌ల పైచిలుకు, హార్మోనిక్‌ల మధ్య ఎడం 200 మాత్రమే. పైగా అవి బలహీనం. అందుకే రెండే స్వరాలుగా వాయిస్తే 11/8 అపశ్రుతిలా ఉంటుంది. 4:5:6:7:9:11 అని పేర్చితే మాత్రం స్వరాల మధ్య తేడాలన్నీ 50 గుణిజాలే కనుక ఒప్పుతుంది.

నాదం తీరు కూడా లెక్కలోకి వస్తుంది. క్లారినెట్ కింది స్వరాల్లో తొలి సరి హార్మోనిక్‌లు బలహీనం, బేసివే బలం. హైన్స్ బోలెన్, జాన్ పియర్స్ విడివిడిగా కనిపెట్టిన స్వరమాలలో రెట్టింపు బదులు మూడింతలను 13 భాగాలు చేస్తారు. మెట్టు 146.3 సెంట్లు, ప్రధాన కార్డ్ 3:5:7. ఎనిమిదో మెట్టు 1170 సెంట్లు, అంటే మన 200 మీద 393.2 హెర్ట్జ్. వయొలిన్ మీద అది కింది స్వరపు 400తో సెకనుకు ఏడుసార్లు కొట్టుకుంటుంది. క్లారినెట్‌లో ఆ 400 దాదాపు లేదు గనుక ఆ గొడవా ఉండదు.