‘మాంగ్బెతు బాకు’ అసలు ఎక్కడిది?

వేలంపాటల్లో ‘మాంగ్బెతు బాకు, కాంగో, 19వ శతాబ్దం’ అన్న చీటీతో వచ్చేవి చాలావరకు ఒకే తీరుగా ఉంటాయి (మాంగ్బెతు అంటే ఈశాన్య కాంగోలో ఉండే ఒక జనం). వెడల్పాటి ఇనప అలుగు, పసుపు తిరిగిన ఏనుగు దంతం పిడి, పిడి చివర పుర్రె వెనక్కి సాగిన ఆడమనిషి తల. ఆ తల ఉంటే రేటు అమాంతం పెరుగుతుంది. నన్నడిగితే ముందు అనుమానించాల్సింది ఆ తలనే.

జర్మన్ వృక్షశాస్త్రవేత్త గేయోర్గ్ ష్వైన్‌ఫుర్త్ 1870లో ఉయెలే నది ప్రాంతానికి, మాంగ్బెతు రాజు ముంజా కొలువుకు వెళ్లాడు. వెంట తీసుకెళ్లింది సూడాన్‌లోని ఖార్టూమ్ వైపు నుంచి వచ్చే దంతం వ్యాపారి, అంటే అప్పటికే అక్కడి దంతం బయటికి పోతోంది. రాజు చేతిలో ఆయన చూసింది స్వచ్ఛమైన రాగితో చేసిన కొడవలి ఆకారపు కత్తి, కొట్లాటకు కాదు, కేవలం దర్జాకు. ఆయన సేకరించినవి చాలావరకు అదే ఏడాది చివర్లో అగ్నిప్రమాదంలో బూడిదయ్యాయి. 1875లో అచ్చేసిన బొమ్మలు మిగిలాయి కాబట్టి అప్పటి కత్తులు ఎలా ఉండేవో కొంతైనా తెలుస్తోంది.

ఆ తర్వాత 1885 నుంచి 1908 దాకా బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ సొంత జాగీరుగా కాంగో నడిచింది. దంతం, రబ్బరు గుంజుకుని బెల్జియం రేవు ఆంట్‌వెర్ప్‌కు ఓడల్లో పంపారు. తెల్ల అధికారులు కానుకలు అడగడం, పెద్దలు ఇచ్చి మంచి చేసుకోవడం మామూలైంది. 1909-15 మధ్య న్యూయార్క్ మ్యూజియం తరఫున హెర్బర్ట్ లాంగ్, జేమ్స్ చాపిన్ వచ్చేసరికి ఒకోండో అనే పెద్ద దగ్గర చెక్కేవాళ్లకు చేతినిండా పని ఉంది. మనిషి తలలున్న వస్తువులు అంతకుముందు అసలు లేవని కాదు గానీ, అవి ఇంతగా పెరగడానికి బయటివాళ్ల గిరాకీయే పెద్ద కారణమని ఆ సేకరణను తర్వాత లోతుగా పరిశీలించిన ఎనిడ్ షిల్డ్‌క్రౌట్, కర్టిస్ కీమ్ చూపించారు. పైగా మాంగ్బెతు పేరుతో చలామణీ అయ్యే దంతపు పనిలో కొంత పక్కనున్న అజాండే వాళ్లది. 1924-25లో ఫ్రెంచ్ కంపెనీ సిత్రోయెన్ కార్ల యాత్ర, అలా పుర్రె సాగిన నొబొసుద్రు అనే మాంగ్బెతు స్త్రీ బొమ్మను యూరప్ అంతటా పాకించింది, ఇక ఆ తలకు మార్కెట్ ఎక్కడికీ పోలేదు.

కాబట్టి ‘మాంగ్బెతు’ అన్న పేరు ఎక్కడ సేకరించారో చెబితే చెప్పొచ్చు, అలుగు ఎవరు కొట్టారో, పిడి ఎవరు చెక్కారో, ఎవరికోసమో చెప్పదు. అలుగు ఒక కమ్మరిది, పిడి ఇంకొకరిది, రెండూ తర్వాత కలిపినవి కూడా అయ్యుండొచ్చు. అందుకే పిడిలోకి అలుగు దిగే చోట జిగురో, కొత్త గీతలో ఉన్నాయేమో భూతద్దంతో చూడాలి. అసలు అది దంతమో కాదో పిడి అడ్డకోత మీద తెలుస్తుంది: ఏనుగు దంతంలో ఒకదాన్నొకటి కోసుకునే వంపు గీతలు జల్లెడలా కనిపిస్తాయి, నీటిగుర్రం పంటిలో అవి ఉండవు, ఎముకలో నల్లటి సన్నని చుక్కలుంటాయి. ఏనుగు 1950ల తర్వాత చచ్చిందా అన్నది, అణుపరీక్షలతో గాలిలో పెరిగిన కార్బన్-14 జాడ పట్టి చెప్పేస్తారు.

డీఎన్ఏతో ఏనుగు ఏ ప్రాంతానిదో కూడా పట్టొచ్చు. కానీ అది ఏనుగు ఊరే, బాకు ఊరు కాదు. 19వ శతాబ్దంలో జాంజిబార్ నుంచి బొంబాయికి ఓడల కొద్దీ తూర్పు ఆఫ్రికా దంతం వచ్చేది, అందులో కొంత ఇక్కడే చెక్కేవారు. మన దగ్గర చెక్కిన పిడికి పరీక్ష చేయించినా ‘ఆఫ్రికా’ అనే వస్తుంది మరి!

ఈ గొడవంతా ఎందుకంటే, వయసు చుట్టూ డబ్బుంది. ఆఫ్రికా ఏనుగు దంతం అంతర్జాతీయ వ్యాపారంపై నిషేధం 1990లో అమల్లోకి వచ్చింది. దంతం అమ్మకాలపై బ్రిటన్ 2018లో చేసిన చట్టం 1947కు ముందువై, దంతం 10 శాతం లోపే ఉన్న వస్తువులకు మినహాయింపు ఇస్తుంది. పిడి మొత్తం దంతమైన బాకు ఆ లెక్కలో ఇమడటం కష్టం. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టానికి చేసిన 1991 సవరణతో దిగుమతి దంతం వ్యాపారం కూడా మూతపడింది, కాబట్టి ‘తాతల నాటిది సార్’ అని చెప్పి ఇక్కడెవరైనా అమ్మజూపితే వయసు సంగతి తర్వాత, ముందు అది కేసు.