రావిచెట్టు దగ్గరి కెమెరా

చిరంజీవులైన మనవలకు, మనవరాళ్లకు తాతయ్య ఆశీస్సులు.

సెలవులకు వచ్చినప్పుడు రావిచెట్టు పక్క స్తంభం మీది కెమెరాలకు చేతులూపుతూ, "ఇక మన ఊరికి దొంగలు రారా తాతయ్యా?" అని అడిగారు. అప్పుడు నవ్వి ఊరుకున్నాను గాని, రికార్డింగు పెట్టె ఉన్న గది తాళంచెవి నా దగ్గరే ఉంటుంది కనుక జవాబు చెప్పవలసినవాణ్ని కూడా నేనే.

ఒడిశాలోని పర్లాకిమిడి పక్కనున్న మన ఊరినుంచి ఆంధ్రాలోని పాతపట్నం వెళ్లి రావడం మనకెంత సులువో దొంగకూ అంతే సులువు. రాత్రి పొలంలో విప్పిన మోటారు తెల్లారేసరికి రాష్ట్రం దాటిపోతుంది. అటువంటప్పుడు ఫిర్యాదుకు వెళితే "అది మా పరిధి కాదు" అనిపించుకొని తిరిగి వచ్చినవారు మన వీధిలోనే ఉన్నారు. 2024 జూలై 1న అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత అనే చట్టం 173వ సెక్షన్ ప్రకారం ఇటువంటి నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. దానినే జీరో ఎఫ్ఐఆర్ అంటారు. సరిహద్దు పిల్లలు ఎక్కాలతోపాటు నేర్చుకోవలసిన మాట ఇది.

ఇక కెమెరా సంగతి. అది దొంగను పట్టుకోదు, చూసినదాన్ని కొన్నాళ్లు గుర్తుంచుకుంటుంది. ఎన్నాళ్లో మీరే లెక్క వేయండి: సెకనుకు 2 మెగాబిట్ల చొప్పున ఒక కెమెరాకు రోజుకు సుమారు 21 జీబీ కావాలి. మనకున్నవి నాలుగు, డిస్కు 1 టీబీ, అంటే సుమారు వెయ్యి జీబీ. పదకొండో పన్నెండో రోజులకు అది నిండి, పాత దృశ్యాలను చెరిపి వాటి మీదనే కొత్తవి రాసుకుంటుంది. పెళ్లికి వెళ్లి పక్షం తరువాత వచ్చి మోటారు పోయిందని గుర్తించిన రైతుకు అది చూపగలిగేది ఏమీ లేదు.

నా పొరపాటు కూడా ఒకటి చెప్పాలి. పోయిన వానాకాలంలో గుడి ముందు మోపెడ్ పోయింది. వెతికితే దానిని తోసుకుపోతున్న మనిషి కనిపించాడు, చొక్కా గళ్లు సైతం తెలుస్తున్నాయి. కాని తెర మూలన తేదీ 2000 జనవరి 1 అని ఉంది! పెట్టెలోని నాణెమంత బ్యాటరీ అయిపోవడంతో కరెంటు పోయి వచ్చినప్పుడల్లా గడియారం మొదటికి వెళ్లిపోతోందని, నెలల తరబడి అటు చూడని నాకు తెలియలేదు. కోర్టుకు అటువంటి రికార్డు ఇవ్వాలంటే యంత్రం సక్రమంగా పనిచేసిందని దాని బాధ్యుడు ధ్రువపత్రం మీద సంతకం చేయాలి. కలం పట్టుకొని చాలాసేపు కూర్చున్నాను, సంతకం పెట్టలేకపోయాను.

అప్పటినుంచి ప్రతి ఆదివారం గడియారాన్ని ఫోనుతో సరిచూస్తున్నాను, అద్దం ముందరి సాలెగూడు దులుపుతున్నాను. రాత్రి కెమెరా వెలుగుకు ఆ ఒక్క దారమే తెల్లగా మెరిసి వీధినంతా కప్పేస్తుంది.

నాలుగో కెమెరా మొదట బోరింగు వైపు ఉండేది. "దొంగల మాట దేవుడెరుగు, ముందు మా బిందెలు లెక్కపెడుతోంది" అని మీ నాయనమ్మ పంచాయతీలో నిలదీస్తే రోడ్డు వైపు తిప్పించాం. ఆవిడ అన్నది న్యాయమే. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. అందుకే మీలో ఎవరు అడిగినా, తమాషాకైనా సరే, ఆ దృశ్యాలు ఫోనులో పంపను.

దసరాకు వచ్చేటప్పుడు ఆ నాణెం బ్యాటరీలు రెండు తీసుకురండి. ఇక్కడి కొట్లో అయిపోయాయట.

మీ తాతయ్య