పొగ కబురు అందుకునే గింజలు

హైదరాబాద్‌లో మా గల్లీ మలుపు దగ్గర ఒక రేల చెట్టుంది. ఎండాకాలంలో పసుపుపచ్చ గుత్తులు వేలాడుతుంటే అందరూ ఆగి ఫోటోలు తీసుకుంటారు. తర్వాత కాసే మూరెడు నల్లకాయను మాత్రం ఎవరూ పట్టించుకోరు. ఆమధ్య ఒకటి పగలగొట్టి చూశాను. లోపల బిళ్లలు పేర్చినట్టు అరలు, నల్లటి జిగురు, అరకో గింజ. కొన్ని గింజలు నీళ్లలో వేస్తే వారమైనా గులకరాళ్లలాగే ఉన్నాయి. ఇంకొన్నిటిని పిట్టగోడకేసి ఒక పక్క అరగదీసి నానబెట్టాను. తెల్లారేసరికి చాలావరకు ఉబ్బాయి.

చిక్కంతా పైపొట్టుతోనే. నీటిని లోపలికి రానివ్వదు. తుమ్మ, సుబాబుల్ గింజల మీద నర్సరీలవాళ్లు మరిగిన నీళ్లు పోసేది అందుకే. అడవిలో ఆ పని నిప్పు కూడా చేస్తుంది. ఇలాంటి చాలా గింజల పొట్టు మీద ఒకచోట బలహీనమైన మచ్చ ఉంటుంది. వేడికి అది విచ్చుకుంటే నీటికి దారి దొరుకుతుంది. మరి గింజ మాడిపోదా? పైపైన ఉన్నది మాడుతుంది. మట్టి వేడిని సరిగా దిగనివ్వదు కాబట్టి, కాస్త లోతున ఉన్నదానికి సెగ మాత్రమే తగులుతుంది.

పొగ సంగతి ఇంకా వింత. మంట లేకుండా వట్టి పొగ పట్టించి ఒక అరుదైన పొద గింజల్ని మొలిపించామని దక్షిణాఫ్రికా పరిశోధకులు 1990లో ప్రకటించారు. పొగలో వేల రసాయనాలుంటాయి, అందులో ఏది? 2004లో ఆస్ట్రేలియా శాస్త్రవేత్తలు దాన్ని పట్టుకున్నారు. ఆకుల్లో, పుల్లల్లో ఉండే సెల్యులోజ్ కాలినప్పుడు పుట్టే పదార్థం అది. ఆ కుటుంబానికి కారికిన్లు అని పేరు పెట్టారు. అక్కడి నూంగార్ ఆదివాసుల భాషలో 'కారిక్' అంటే పొగ. వాన నీటితో మట్టిలోకి దిగే ఈ పదార్థం వంద కోట్ల పాళ్లలో ఒక పాలున్నా చాలు. నిప్పుతో ఏ సంబంధమూ లేని లెట్యూస్ గింజ కూడా దానికి స్పందిస్తుంది!

గింజకు నిప్పంటే ప్రేమేమీ లేదు. పైన నీడ పోయింది, పోటీ తగ్గింది, బూడిద పడింది అన్న కబురు దానికి కావాలి, అంతే.

అలాగని మన అమ్రాబాద్ అడవికీ మంట మంచిదే అనుకోవద్దు. ఇక్కడ చాలావరకు మనుషులు పెట్టే నిప్పే. ఇప్పపువ్వు ఏరడానికి వీలుగా కింది ఆకులు కాలుస్తారు, తునికాకు కొత్త చిగుళ్ల కోసం కాలుస్తారు. ఏటా కాలితే, ఈ వానకు లేచిన మొలక వచ్చే వేసవికే పోతుంది. సెగను ఆపేంత బెరడు కట్టడానికి ఏళ్లు కావాలి. నా కుండీలోని రేల మొక్క కాండం ఇంకా అగ్గిపుల్లంతే ఉంది.