మిలాన్ గొడవకు మూలం సాల్ట్‌లేక్‌లో లేదు, క్యోటోలో ఉంది

మిలాన్ శీతాకాల ఒలింపిక్స్‌లో 2026 ఫిబ్రవరి 11న ఐస్ డాన్స్ (ఫిగర్ స్కేటింగ్‌లో మంచు మీద జంటగా చేసే నాట్య విభాగం) బంగారానికీ వెండికీ మధ్య మిగిలిన తేడా 1.43 పాయింట్లు. ఫ్రాన్స్ జంట లారెన్స్ ఫూర్నియే బోడ్రీ, గియోమ్ సిజెరోన్‌లకు 225.82 వచ్చాయి. అమెరికా జంట మాడిసన్ చాక్, ఇవాన్ బేట్స్‌లకు 224.39. మనకు అప్పటికే అర్ధరాత్రి దాటింది. ఇంతటి పోటీలో ఆ మాత్రం తేడా మామూలే అనుకుని ఫోన్ పక్కన పెట్టేసిన వాళ్లం, తర్వాత మార్కుల పట్టిక విప్పి చూసి మళ్లీ లేచి కూర్చున్నాం. రెండో అంచె అయిన ఫ్రీ డాన్స్‌లో ఫ్రాన్స్ జడ్జి తన దేశపు జంటకు వేసిన మార్కులకూ అమెరికా జంటకు వేసిన మార్కులకూ దాదాపు 8 పాయింట్ల ఎడం ఉంది.

జడ్జీల మార్కుల్లో తేడాలు సహజమేననీ, వాటిని సరిచేసే ఏర్పాట్లు తమ పద్ధతిలోనే ఉన్నాయనీ అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ చెప్పింది. ఆ ఏర్పాట్ల సంగతి కిందకి వెళ్లాక చూద్దాం.

ఫ్రెంచ్ జడ్జి, ఐస్ డాన్స్, ఫిబ్రవరి 11. ఈ ఆటను పాతికేళ్లుగా చూస్తున్న వాళ్లకి ఈ మూడు మాటలు చాలు. సాల్ట్‌లేక్ సిటీ ఒలింపిక్స్‌లో జంటల పోటీ (ఐస్ డాన్స్ కాదు, పెద్ద ఎగుర్లు ఉండే వేరే విభాగం) ముగిసింది కూడా 2002లో ఇదే తేదీన. వారం రోజులుగా అందరూ ఆ కథనే తిరగేస్తున్నారు కాబట్టి నేను రెండు ముక్కల్లో చెప్పి దాటిపోతాను. రష్యా జంట ఎలీనా బెరెజ్‌నయా, ఆంటన్ సిఖరులిద్జెల ప్రదర్శనలో ఒక డబుల్ యాక్సెల్ (గాల్లో రెండున్నర చుట్లు తిరిగే ఎగురు) దగ్గర అడుగు తడబడింది. కెనడా జంట జేమీ సలే, డేవిడ్ పెల్టియేలు తప్పు లేకుండా ముగించారు. తొమ్మిది మంది జడ్జీల్లో ఐదుగురు రష్యాకు మొదటి స్థానం ఇచ్చారు, నలుగురు కెనడాకు. ఆ ఐదుగురిలో ఒకరైన ఫ్రాన్స్ జడ్జి మారీ రైన్ లె గూన్, తమ దేశపు స్కేటింగ్ సమాఖ్య అధ్యక్షుడు దిదియే గయాగే తనపై ఒత్తిడి తెచ్చారని హోటల్లో బయటపెట్టారు. జంటల్లో రష్యాకు ఓటేస్తే ఐస్ డాన్స్‌లో ఫ్రాన్స్‌కు ఓటు వస్తుందన్నది బేరం. తర్వాత ఆమె మాట మార్చారు. నాలుగు రోజుల్లో కెనడా జంటకు కూడా బంగారం ప్రకటించారు. ఆమెకూ గయాగేకూ మూడేళ్ల నిషేధం పడింది.

ఒక్క మాట మాత్రం ఆగి చెప్పాలి. బెరెజ్‌నయా జంట ఆ రాత్రి గెలవకూడని జంట ఏమీ కాదు. గీతలోని నాజూకు, ఒకరి కదలికలో ఇంకొకరు కలిసిపోవడం చూసి నిజాయితీగా వాళ్లకే మొదటి స్థానం ఇవ్వగల జడ్జి ఉండొచ్చు. నేనైతే కెనడాకే ఇచ్చేవాణ్ణి, అది వేరే విషయం. బేరం బయటపడ్డాక ఆ ఐదు ఓట్లలో ఏది నిజాయితీదో, ఏది కాదో తేల్చుకునే దారే లేకుండా పోయింది.

ఇక్కడిదాకా అందరికీ తెలిసిన కథే. అసలు మలుపు నాలుగు నెలల తర్వాత, జూన్‌లో, జపాన్‌లోని క్యోటోలో జరిగిన యూనియన్ మహాసభలో వచ్చింది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. కన్నీళ్లు లేవు, పతకాలు లేవు, టీవీకి పనికొచ్చే దృశ్యం ఒక్కటీ లేదు.

అప్పటి అధ్యక్షుడు ఒత్తావియో చింక్వాంత ఇటలీకి చెందినవాడు, స్పీడ్ స్కేటింగ్ నుంచి వచ్చినవాడు. గడియారం చూసి విజేతను తేల్చే ఆట అది. ఫిగర్ స్కేటింగ్ రోగానికి ఆయన రాసిన మందు కూడా లెక్కల మందే. 6.0 పద్ధతి, అంటే ఒక్కో జడ్జి ఆరుకు ఇన్ని అని మార్కులు వేసి స్థానాలు తేల్చే పాత పద్ధతి, పోవాలన్నారు. ఒక్కో ఎగురుకు, ఒక్కో తిరుగుడుకు ముందే విలువ కట్టి, ఎంత బాగా చేశారన్నదాన్ని బట్టి దానికి కలుపుతూ తీసేస్తూ పోవాలన్నారు. దాంతో నాకు పేచీ లేదు. పాత పద్ధతిలో ఐదో ఓటు ఎటు పడితే పతకం అటు పోయేది. కొత్త పద్ధతిలో కనీసం ఎందుకు ఓడామో స్కేటర్‌కు తెలుస్తుంది. 2004లో పూర్తిగా ఆమోదం పొంది, 2006 టురిన్ ఒలింపిక్స్‌కు అది అమల్లోకి వచ్చింది.

పేచీ దానితో పాటు వచ్చిన రెండో దానితో. క్యోటో నుంచి వచ్చిన తాత్కాలిక ఏర్పాటు ప్రకారం 14 మంది జడ్జీలు కూర్చుంటారు, కంప్యూటర్ ఏవో తొమ్మిది మంది మార్కులను మాత్రమే లెక్కలోకి తీసుకుంటుంది. ఎవరివి తీసుకుందో చెప్పదు. ఏ మార్కు ఏ జడ్జిదో అసలే చెప్పదు. కొత్త పద్ధతి వచ్చాక కూడా ఈ ముసుగు అలాగే ఉండిపోయింది.

యూనియన్ చెప్పిన కారణం పైకి సబబుగానే ఉంటుంది. జడ్జి ఎవరికి ఓటేశాడో సమాఖ్యకు తెలియకపోతే, మాట నిలబెట్టుకున్నాడో లేదో తెలియదు. తెలియకపోతే బేరం కుదరదు. అంతవరకు సరే. కానీ సమాఖ్యకు కనపడనిది ప్రేక్షకుడికీ, పత్రికలకూ, మోసపోయిన స్కేటర్‌కూ కూడా కనపడదు. సాల్ట్‌లేక్‌లో దొంగతనం పట్టుబడిందే పేర్లు కనపడటం వల్ల. ఐదు, నలుగురు అని చీలిక కనపడింది, ఐదోవారు ఎవరో కనపడ్డారు, అందుకే నిలదీయగలిగారు. దొంగ దొరికిన వీధిలో లైట్లు ఆర్పేసి, ఇకపై దొంగతనాలు కనపడవు చూడండి అన్నట్టుంది ఆ సంస్కరణ.

అప్పట్లో ఎవరూ అడ్డు చెప్పలేదని కాదు. 2003 మార్చిలో వాషింగ్టన్‌లో ప్రపంచ పోటీలు జరుగుతుండగానే కొందరు జడ్జీలు, అధికారులు కలిసి వరల్డ్ స్కేటింగ్ ఫెడరేషన్ పేరుతో పోటీ సంస్థను ప్రకటించారు. సాల్ట్‌లేక్‌లో లె గూన్ ఎవరి ముందు బయటపడ్డారో ఆ శాలీ స్టేపుల్‌ఫర్డ్ కూడా అందులో ఉన్నారు. ఆ ప్రయత్నం నిలబడలేదు.

ముసుగు పని చేసిందా? డార్ట్‌మత్ కాలేజీ ఆర్థికవేత్త ఎరిక్ జిట్జెవిట్జ్ ఏళ్ల తరబడి మార్కుల పట్టికలు వడపోశాడు. ప్యానెల్‌లో తన దేశపు జడ్జి ఉన్న స్కేటర్‌కు దక్కే లాభం, పేర్లు దాచాక తగ్గకపోగా కొంచెం పెరిగిందని తేల్చాడు.

ఇక రష్యాలోని సోచి ఒలింపిక్స్. 2014 ఫిబ్రవరి 20 రాత్రి మహిళల పోటీలో రష్యాకు చెందిన అడెలీనా సోత్నికోవాకు 224.59, కొరియాకు చెందిన యునా కిమ్‌కు 219.11. సోత్నికోవా ఏడు ట్రిపుల్స్ (గాల్లో మూడేసి చుట్లు తిరిగే ఎగుర్లు) వేసింది, కిమ్ ఆరు. కాబట్టి లెక్క ప్రకారం ఆమెకు దారి ఉంది, ఆ మాట కిమ్ అభిమానులు (నాతో సహా) ఒప్పుకుని తీరాలి. కానీ బల్ల వెనక ఎవరు కూర్చున్నారో చూడండి. రష్యా జడ్జి అల్లా షెఖోవ్త్‌సెవా, ఆ దేశపు స్కేటింగ్ సమాఖ్యను ఏళ్ల తరబడి నడిపిన వాలెంతిన్ పిసేయెవ్ భార్య. ఉక్రెయిన్ జడ్జి యూరి బాల్కోవ్, 1998 నగానో ఒలింపిక్స్‌లో ఐస్ డాన్స్ స్థానాల గురించి ఫోన్లో ముందే మాట్లాడుకుంటూ దొరికిపోయి సస్పెండ్ అయినవాడు. ఆ సంభాషణ రికార్డు చేసింది కెనడా జడ్జి జీన్ సెన్ఫ్ట్. ఆమెనూ సస్పెండ్ చేశారు. అంటే దొంగ అని అరిచినవాళ్లకీ శిక్షే. బాల్కోవ్ మాత్రం పదహారేళ్ల తర్వాత మరో ఒలింపిక్స్‌లో హాయిగా మార్కులు వేస్తూ కనిపించాడు.

పోటీ అయిపోయాక షెఖోవ్త్‌సెవా సోత్నికోవాను కౌగిలించుకోవడం కెమెరాలకు చిక్కింది. ఇంతకీ ఆమె ఎన్ని మార్కులు వేసింది? పట్టికలో తొమ్మిది నిలువు వరుసలున్నాయి, ఏ వరుస ఎవరిదో లేదు. నిజంగా న్యాయంగా వేసి ఉంటే నిరూపించుకునే అవకాశం ఆమెకీ లేదు. కొరియా సమాఖ్య ఫిర్యాదు చేసింది, జూన్‌లో యూనియన్ కొట్టేసింది. సోత్నికోవా బంగారానికి ఈనాటికీ అంటుకున్న మచ్చలో సగం ఆ ముసుగుదే అని నా నమ్మకం.

2016లో క్రొయేషియాలోని దుబ్రోవ్నిక్ మహాసభలో ఎట్టకేలకు పేర్లు దాచడం ఆపేశారు. రెండేళ్లు తిరక్కుండానే ఫలితం కనపడింది. 2018 ప్యాంగ్‌చాంగ్ ఒలింపిక్స్‌లో సొంత దేశపు స్కేటర్లకు ఎక్కువ వేశారని ఇద్దరు చైనా జడ్జీలను సస్పెండ్ చేసి, 2022 బీజింగ్ ఒలింపిక్స్‌కు కూడా రానివ్వలేదు. ప్యాంగ్‌చాంగ్ జంటల పోటీలో జర్మనీ, చైనాల మధ్య తేడా ఎంతో తెలుసా? 0.43. ఇప్పుడు మిలాన్‌లో మనం ఫలానా జడ్జి, ఫలానా మార్కు అని వేలు పెట్టి చూపగలుగుతున్నామంటే అది దుబ్రోవ్నిక్ పుణ్యమే.

అయితే పేర్లు తిరిగొచ్చాయి గానీ, క్యోటోలో ముట్టుకోకుండా వదిలేసిన ముడి అలాగే ఉంది. ఒలింపిక్స్‌కు ఏ దేశాల నుంచి జడ్జీలు రావాలో చీటీ తీస్తారు. ఆ దేశం తరఫున ఎవరు వెళ్లాలో చెప్పేది ఆ దేశపు సమాఖ్యే. స్కేటర్‌ను పంపేదీ అదే, జడ్జిని పంపేదీ అదే. జడ్జీల్లో చాలామందికి ఇది బతుకుతెరువు కాదు, ఉద్యోగాలు చేసుకుంటూ ఇష్టం కొద్దీ వస్తారు. ఖర్చులు ఎవరో పెట్టాలి, వచ్చే ఏడాది కూడా ఎవరో పంపాలి. ఇందులో ఫోన్ చేసి బెదిరించాల్సిన అవసరమే ఎవరికీ రాదు. 2002లో గయాగే ఒత్తిడి తెచ్చారా లేదా అన్న వాదన నాకు అంత ముఖ్యంగా అనిపించనిది అందుకే.

మా చెల్లి కాలేజీ రోజుల్లో యువజనోత్సవాల్లో నాట్యం పోటీకి వెళ్లేది. ఒకసారి బల్ల వెనక కూర్చున్న ముగ్గురిలో ఒకాయన, పోటీలో ఉన్న ఒక అమ్మాయికి గురువు. ఆ అమ్మాయికే మొదటి బహుమతి వచ్చింది. బాగానే చేసింది కూడా. కానీ తిరిగొచ్చే బస్సులో ఆ అమ్మాయి అడుగుల గురించి, అభినయం గురించి ఎవరూ మాట్లాడలేదు. దారి పొడుగునా ఆయన గురించే.

ఇప్పుడు యూనియన్ చెప్పే ఏర్పాట్లకు వద్దాం. ప్రతి అంశానికీ తొమ్మిది మార్కుల్లో అన్నిటికన్నా ఎక్కువదీ తక్కువదీ కొట్టేసి, మిగిలిన ఏడింటి సగటు తీస్తారు. కాబట్టి ఒక్క జడ్జి అతిగా వేసినా అది లెక్కలోకి రాదంటారు. కాగితం మీద చూద్దాం. ఎనిమిది మందిలో నలుగురు 3, నలుగురు 4 వేశారనుకోండి. తొమ్మిదో జడ్జి 5 వేస్తే ఆ 5 పోతుంది, కింద ఒక 3 పోతుంది. సగటు 3.57. అదే జడ్జి 2 వేస్తే ఆ 2 పోతుంది, పైన ఒక 4 పోతుంది. సగటు 3.43. కొట్టేసిన మార్కు కూడా తన పని తాను చేసి మరీ పోతుంది. ఒక్కో అంశం దగ్గర ఇది చిల్లరే. ఆ చిల్లర ఒక జంటకు పైకీ ఇంకో జంటకు కిందకీ ప్రోగ్రాం పొడుగునా పడితే, 1.43 దగ్గర తేలే పోటీలో దాన్ని చిల్లర అనలేం.

పైగా ఇది ఐస్ డాన్స్. ఇక్కడ పడిపోవడాలు అరుదు, పెద్ద ఎగుర్లు ఉండవు. బ్లేడు అంచు ఎంత లోతుగా వాలింది, ఇద్దరి కాళ్లు ఒకే క్షణంలో తిరిగాయా అన్నవి మామూలు కంటికి అందవు. అందుకే బేరగాళ్లకు ఎప్పుడూ ఇదే ఇష్టమైన విభాగం. నగానోలో దొరికింది ఇందులోనే, సాల్ట్‌లేక్‌లో బేరానికి రెండో కొస ఇదే.

ఫ్రాన్స్ వాళ్ల మాట కూడా ఉంది. సిజెరోన్ బీజింగ్‌లో వేరే భాగస్వామితో ఇదే బంగారం గెలిచినవాడు, బ్లేడు మీద అతనంత మెత్తగా జారేవాళ్లు ఇప్పుడు లేరు. మిగతా జడ్జీల్లో కొందరైనా అదే చూసి ఉండకపోతే 225 రావు. పైగా ఈ రెండు జంటలూ మాంట్రియల్‌లో ఒకే అకాడమీలో సాధన చేస్తాయి కాబట్టి, కోచ్‌లకు ఎవరు గెలిచినా ఒకటే.

యూనియన్ మహాసభ మామూలుగా రెండేళ్లకోసారి జూన్‌లో జరుగుతుంది, 2026 కూడా మహాసభ ఏడాదే. జడ్జీలను సమాఖ్యల చేతిలోంచి తీసి యూనియనే నేరుగా నియమించి జీతాలివ్వాలన్న మాట 2002 నుంచీ నానుతూనే ఉంది. ఆ తీర్మానం ఎప్పటికైనా బల్ల మీదికి వస్తే, దాని మీద ఓటు వేయాల్సింది సమాఖ్యలే.